యంత్రమునకు నకలా, శ్రమకు నకలా?

వ్రాసినదానికి మరియొక ప్రతి తీసి భద్రపరచుకొనుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. తాటియాకు గ్రంథములకు చెదలు, తేమ, నిప్పు ఆజన్మ శత్రువులు. ఆకులు శిథిలము కాకముందే మరల వ్రాయించుకొన్న ఇండ్లలో గ్రంథములు నిలిచినవి. రేపు చూతమని ఊరకున్న ఇండ్లలో మట్టియైనవి. పందొమ్మిదవ శతాబ్దమున ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, లేఖకులను తన సొమ్ముతో జీతములిచ్చి నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులను తెప్పించి, పోల్చి చూపించి, క్రొత్త ప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలో ఆకు పోయినచోట మరియొక ప్రతి ఆదుకొన్నది. నకలు తీయుట అనుమానస్థుని చాదస్తము కాదనియు, అది విద్యకు ఆయువుపట్టనియు ఆ కార్యము నిరూపించినది.

నేడు మన వ్రాత తాటియాకును, కాగితమును దాటి కంప్యూటరు డిస్కులో ప్రవేశించినది. ఉపాధ్యాయుని పాఠ్యప్రణాళిక, ప్రశ్నపత్రము, మార్కుల పట్టిక, విద్యార్థి వ్రాసిన ప్రాజెక్టు, రచయిత సగము వ్రాసిన నవల, కుటుంబపు ఛాయాచిత్రములు, ఇవి అన్నియు అరచేతిలో ఇముడు ఒక పెట్టెలో నున్నవి. తాటియాకు గ్రంథము కొంత కొంతగా శిథిలమగును. చూచినవానికి హెచ్చరిక చేయును. డిస్కు అట్లు కాదు. నిన్న సాయంత్రము వరకు చక్కగా పనిచేసి, నేటి ఉదయమున సర్వమును ఒక్కమారుగా నిరాకరింపగలదు. కావున బ్యాకప్ తీయవలెనా అక్కరలేదా అను ప్రశ్నపై చర్చ లేదు, తీయవలసినదే. చర్చ మరియొకచోట నున్నది. డిస్కు నంతటిని నకలు తీయవలెనా, లేక యంత్రమును నడుపు సిస్టము పార్టిషనును మాత్రము తీసిన చాలునా?

ఇది ఊహాపోహలకై కల్పించిన ప్రశ్న కాదు. తైవానులో పుట్టి, ఉచితముగా లభించుచు, దేశదేశముల వాడుకలో నున్న క్లోన్‌జిల్లా అను సాధనము, నకలు తీయబూనిన వానిని అడుగు ప్రశ్నలలో ఇది ముఖ్యమైనది: సేవ్‌డిస్కా, సేవ్‌పార్ట్సా? అనగా డిస్కంతయునా, కొన్ని భాగములేనా? తెరముందు కూర్చున్నవాడు ఒక్క మీట నొక్కి సమాధానము చెప్పును. ఆ మీట వెనుక నుండవలసిన వివేకమే ఈ వ్యాసమునకు విషయము. నా అభిప్రాయమును ముందుగనే మనవి చేయుదును. రెంటిలో ఒకదానినే ఎన్నుకొనవలసి వచ్చినచో డిస్కంతయు తీయుటయే మేలు. సిస్టము భాగమునకు మాత్రమే తీసిన నకలు యంత్రమును కాపాడును. ఆ యంత్రముపై పనిచేసిన మనుష్యుని శ్రమను కాపాడునను హామీ దానివలన లేదు.

డిస్కు చరిత్రను కొంచెము స్మరించినచో విషయము స్పష్టపడును. 1956లో ఐబీఎం సంస్థ ప్రవేశపెట్టిన తొలి డిస్కు యంత్రములో 50 పళ్ళెములుండెను. అన్నియు కలిసి మోయగలిగినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. 1983లో అదే సంస్థ ఎక్స్‌టీ అను వ్యక్తిగత కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కు నమర్చినది. ఆ కాలముననే ఒక డిస్కును కొన్ని భాగములుగా పంచు పద్ధతి అట్టి యంత్రములలో స్థిరపడినది. డిస్కు మొదటి 512 బైట్లలో 64 బైట్ల చిన్న పట్టిక యొకటి యుండును. అందు నాలుగు భాగముల సరిహద్దులు వ్రాయబడి యుండును. పొలమునకు గట్లు ఎట్టివో, డిస్కునకు పార్టిషనులు అట్టివి. గట్లు వేసినంత మాత్రమున ఒక పొలము నాలుగు ఊళ్ళలోని పొలములు కాజాలదు. వరద వచ్చినపుడు నాలుగు మడులును ఒక్కమారే మునుగును. నేటి యంత్రములలో జీపీటీ అను క్రొత్త పట్టిక వాడుకలో నున్నది. దానిని రూపొందించినవారు డిస్కు మొదట నొకటి, చివర నొకటిగా ఆ పట్టికకు రెండు ప్రతులు ఏర్పరచిరి. సరిహద్దుల పట్టికకే రెండవ ప్రతి అవసరమని వారు తలచిరనగా, ఆ సరిహద్దుల నడుమ పండిన పంటను గూర్చి మన మెంత జాగ్రత్త వహింపవలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

మన పట్టణములలో కంప్యూటరు కొన్ననాడే దుకాణమువారు డిస్కును సి, డి, ఇ అని మూడు భాగములు చేసి యిచ్చుట చాలకాలముగా నున్న అలవాటు. సి లో విండోసు, డి లో మన ఫైళ్ళు, ఇ లో పాటలు, సినిమాలు అను మౌఖిక శాస్త్ర మొకటి కూడ ప్రచారములో నున్నది. యంత్రము మందగించినపుడు మరమ్మతు చేయు యువకుడు, “సి ఒక్కటే ఫార్మాట్ కొడతానండి మాస్టారూ, డి లో ఉన్నవాటికి ఏమీ కాదు” అని ధైర్యము చెప్పును. అతని మాటలో అసత్యము లేదు. ఆనాటి పనికి అది సరిపోవును. కాని ఈ ధైర్యమునుండియే సిస్టము భాగమునకు నకలున్న చాలునను సిద్ధాంతము పుట్టినది. మందగించిన యంత్రమునకు చేయు చికిత్సను, చనిపోయిన డిస్కునకు కావలసిన రక్షణను ఒకటిగా భావించుటయే ఈ సిద్ధాంతములోని మూలదోషము.

ప్రతిపక్షమువారి వాదమును న్యాయముగా వినవలెను. వారందురు: యంత్రములో తరచు చెడునది విండోసే. వైరసు సోకిన, అప్‌డేటు నడుమ కరెంటు పోయిన, ఎవరో తెలియక ఒక సిస్టము ఫైలును తొలగించిన, దెబ్బతినునది సి భాగమే. విండోసును క్రొత్తగా ఎక్కించి, ప్రింటరునకు డ్రైవరు వెదకి, టైపు సాధనములను మరల అమర్చుకొనుటకు ఒక దిన మంతయు వ్యర్థమగును. సి భాగపు నకలున్నచో అరగంటలో యంత్రము యథాస్థితికి వచ్చును. డి, ఇ భాగములలోని సినిమాలకు నకలేల? చిన్న నకలును జనులు తీయుదురు. పెద్ద నకలును వాయిదా వేయుదురు. తీసిన చిన్న నకలు తీయని పెద్ద నకలుకంటె మేలు కాదా? ఈ వాదములో, ముఖ్యముగా చివరి మాటలో, బలము కలదు. దానిని తోసిపుచ్చుట తగదు. కాని ఇది కొన్ని నమ్మకములపై నిలిచియున్నది. ఆ నమ్మకములను ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదటి నమ్మకము, డి భాగము సురక్షితమైన వేరొక చోటు అనునది. పైన చెప్పిన గట్ల ఉపమానమే దీనికి సమాధానము. సి, డి, ఇ అను పేర్లు మూడైనను తిరుగు పళ్ళెము, చదువు ముల్లు, నడుపు మోటారు ఒక్కటే. ముల్లు పళ్ళెమునకు తగిలినను, సర్క్యూటు పలక కాలినను సి పోయి డి మిగులుట జరుగదు. నేటి ఎస్‌ఎస్‌డీలలో తిరుగు పళ్ళెము లేకున్నను కంట్రోలరు ఒక్కటే. అది మూగవోయినచో భాగములన్నియు మూగవోవును. సి భాగపు నకలును అదే డిస్కులోని డి భాగమున దాచుకొను వారు కూడ కలరు. ఇంటి తాళపుచెవికి మారుచెవి చేయించి, రెంటిని ఒకే గుత్తికి తగిలించుకొన్నట్లున్నది ఈ పద్ధతి. గుత్తి పోయిననాడు రెండును పోవును.

రెండవ నమ్మకము, మన పని సి భాగములో లేదనునది. ఇది మరింత అపాయకరము, ఏలయన సామాన్యముగా మన పని అక్కడనే యున్నది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అను మూడు చోట్లును విండోసు స్వయముగా సి భాగములోనే ఏర్పరచును. తొందరలో టైపు చేసిన ప్రశ్నపత్రము డెస్క్‌టాప్ మీదనే నిలుచును; ఈమెయిలులో వచ్చిన ఉత్తరువు డౌన్‌లోడ్స్‌లోనే పడియుండును. అట్లయిన సి భాగమునకు నకలు తీసినవారి పని భద్రమే గదా యని అడుగవచ్చును. ఇక్కడనే చిక్కున్నది. జూన్‌లో తీసిన సి నకలును సెప్టెంబరులో తిరిగి పెట్టినచో, విండోసుతో పాటు డెస్క్‌టాప్ కూడ జూన్‌కు మరలిపోవును. నడుమ మూడు మాసములలో అక్కడ చేరిన కాగితములన్నియు చెరిగిపోవును. యంత్రమును స్వస్థపరచుటకు చేసిన ప్రయత్నమే శ్రమను హరించును. సిస్టము నకలును తిరిగి పెట్టుటకు ముందు ఆ భాగములోని సొంత ఫైళ్ళను వేరొకచోటికి తీసికొనవలెనను జ్ఞానము ఎంతమందికి ఉన్నది? ఉన్నను, యంత్రము తెరచుకొననినాడు అది అంత సులభము కాదు.

మూడవ నమ్మకము, సిస్టము అనగా సి భాగమే అనునది. ఇదియు నిజము కాదు. నేటి విండోసు యంత్రములో మన కంటికి కనబడని భాగములు కొన్ని కలవు. యంత్రమును మేలుకొలుపు ఫైళ్ళు ఈఎఫ్‌ఐ అను చిన్న భాగములో నుండును; దాని పరిమాణము సాధారణముగా 100 మెగాబైట్లు. 16 మెగాబైట్ల రిజర్వుడు భాగము మరియొకటి. పాడైన విండోసును బాగుచేయుటకు ఉపకరించు రికవరీ భాగము వేరొకటి. సి భాగమును మాత్రమే తీసి, డిస్కు మారినపుడు దానినే క్రొత్త డిస్కులో పెట్టినచో, ఇల్లున్నది గాని ద్వారము లేదన్నట్లగును. ద్వారము మరల కట్టవచ్చును. కాని అది తెలిసినవాని పని. డిస్కంతయు తీసినచో పట్టికతో, ద్వారముతో, గదులతో ఇల్లంతయు వచ్చును. ఏది అవసరము, ఏది అనవసరము అని నిర్ణయింపవలసిన భారము మనపై పడదు. సామాన్యునికి డిస్కంతయు తీయు పద్ధతి యందు గల గొప్ప మేలు ఇదియే. విడిచిపెట్టుటకు తెలివి కావలెను. అంతయు తీసికొనుటకు ఓపిక చాలును.

దీనికి పూర్తిగా ఎదురైన పక్ష మొకటి కలదు. వారందురు: సిస్టమునకు నకలెందుకు? విండోసు మరల దొరకును. మన ఫైళ్ళను మాత్రము వేరుచేసి దాచుకొన్న చాలును. ఇంగ్లీషున వ్రాయువారికి ఈ మాట చాలవరకు చెల్లును. తెలుగు వ్రాతకు మాత్రము చెల్లదు. కారణము తెలుగు అచ్చుపనివారందరికి తెలిసినదే. యూనికోడు వాడుక వ్యాపించుటకు పూర్వము, నేటికిని పెక్కు డీటీపీ కేంద్రములలో, తెలుగు అక్షరములు అను వంటి ప్రత్యేక ఫాంట్లతో, పేజ్‌మేకరు వంటి సాధనములలో కూర్చబడినవి. ఆ ఫైళ్ళలో నిజముగా దాగినవి తెలుగు అక్షరముల సంకేతములు కావు. రోమను అక్షరముల, గుర్తుల సంకేతములు. వానికి తెలుగు రూపమిచ్చునది సి భాగములోని ఫాంట్ల సంచి. ఫైలు నొక్కదానినే దాచి, ఫాంటును, దానిని నడుపు కీబోర్డు సాధనమును, ఆ పాత పేజ్‌మేకరును పోగొట్టుకొన్నవానికి తెరపై కనబడునది కావ్యము కాదు, అర్థము లేని గీతల గుంపు. పాఠశాల వార్షిక సంచిక, ఒక ఊరి చరిత్ర, ఒక పండితుని వ్యాససంపుటి, ఇట్టివి ఎన్నియో నేడు ఆ స్థితిలో పడియున్నవి. అక్షరము ఒకచోట, దాని రూపము మరియొకచోట నున్నపుడు రెంటిని కలిపి తీసిన నకలే నకలు. డిస్కంతయు తీసిననాడు ఆ రెండును విడిపోవు భయము లేదు.

పెద్ద ప్రభుత్వములకు కూడ ఈ పాఠము కఠినముగనే నేర్పబడినది. దక్షిణ కొరియా దేశమున తేజోన్ నగరమునందలి ప్రభుత్వ సమాచార కేంద్రములో 2025 సెప్టెంబరు 26వ తేదీన లిథియం బ్యాటరీలు అంటుకొని మంటలు చెలరేగినవి. వందలకొలది ప్రభుత్వసేవలు నిలిచిపోయినవి. తరువాతి దినములలో ఆ సేవలు ఒక్కొక్కటిగా లేచి నిలువజొచ్చినవి. కాని జీ-డ్రైవ్ అని పిలువబడు ఉద్యోగుల ఉమ్మడి భాండారము మాత్రము లేవలేదు. దానిలో 858 టెరాబైట్ల సమాచార ముండెను. అంత పెద్దదానికి వెలుపల నకలు తీయుట సాధ్యము కాలేదని అధికారులు చెప్పిరి. కాగితములను తమ యంత్రములలో గాక అక్కడనే ఉంచవలెనని నియమము పెట్టుకొన్న సిబ్బంది నిర్వహణ మంత్రిత్వశాఖ అందరికంటె నెక్కువ నష్టపోయినది. ఈ ఉదంతమును పాఠకులు శ్రద్ధగా గమనింతురు గాక. నడుపు వ్యవస్థలను మరల నిర్మింపవచ్చును. మనుష్యులు దినదినము కూర్చుండి వ్రాసినది మరల రాదు. పెద్దది గనుక నకలు వద్దని దేనిని విడిచిరో, అదియే పోయినది.

పెద్దది అను అభ్యంతరము మన యిండ్లలో ఎంత నిజమో లెక్క వేసి చూతము. ఒక టెరాబైటు డిస్కులో చివరి బైటు వరకు నకలు తీయవలెనన్న, సెకనుకు 100 మెగాబైట్లు వ్రాయగల వెలుపలి హార్డు డిస్కునకు 10,000 సెకనులు, అనగా ఇంచుమించు రెండుముప్పావు గంటలు పట్టును. సెకనుకు 30 మెగాబైట్లు మాత్రమే సాగు పాత యూఎస్‌బీ ద్వారమున తొమ్మిది గంటలు దాటును. వినుటకు ఇది భయముగనే యుండును. కాని క్లోన్‌జిల్లా వంటి సాధనములు తమకు తెలిసిన భాగములలో నిండిన చోట్లనే తీసికొని, ఖాళీ చోట్లను విడిచిపెట్టును. డిస్కులో నిండినది 200 గిగాబైట్లే యైనచో అదే వేగమున పని 33 నిమిషములలో ముగియును. అందులో సిస్టము భాగము 60 గిగాబైట్లనుకొన్నను దానికే 10 నిమిషములు కావలెను. రెంటికిని గల భేదము 23 నిమిషములు. ఒక పీరియడు కంటె తక్కువ కాలమును మిగుల్చుకొనుటకై సంవత్సరముల శ్రమను పణముగా పెట్టుట ఏపాటి పొదుపు? సినిమాలు మోయుట ఇష్టము లేనివారు వానిని ముందుగా తొలగింపవచ్చును. ఏది తొలగించుచున్నామో ఎరిగి తొలగించుట వేరు; ఏమి విడిచినామో ఎరుగక విడిచిపెట్టుట వేరు.

అయినను డిస్కంతయు తీసినవాడు కృతకృత్యుడనై నిద్రింపవచ్చునని నేననను. ఆ పద్ధతికిని దోషములు కలవు. వైరసు సోకిన డిస్కునకు నకలు తీసినచో వైరసుతో కూడిన నకలే వచ్చును. తిరిగి పెట్టుటకు సమానమైన లేక పెద్దదైన డిస్కు సామాన్యముగా కావలెను, చిన్నదానిలో ఇముడదు. ఆ నకలులో మన ఉత్తరములు, పిల్లల మార్కులు, ఆధారు సంఖ్యలు, సమస్తము నుండును గనుక దానిని బల్లమీద వదలుట బీరువా తలుపు తెరచి వదలుట వంటిది, తాళములో నుంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, నకలున్న డిస్కును ఎల్లప్పుడు యంత్రమునకు తగిలించి యుంచరాదు. 2017 మే 12వ తేదీన వ్యాపింప నారంభించిన వానాక్రై అను దుష్టప్రోగ్రాము నూటయేబది దేశములకు పైగా ప్రాకి, ఫైళ్ళను తాళమువేసి డబ్బడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాతబడినవి. ఆ జాతి దుష్టప్రోగ్రాములు తమకు అందుబాటులో నున్న డిస్కుల నన్నింటిని పట్టుకొనగలవు; నిత్యము తగిలియున్న నకలును విడువవు. పని ముగిసిన వెంటనే తీగ తీసి, వేరుచోట నుంచిన నకలే దానికి అందదు.

అట్లయిన ఆచరణ ఎట్లుండవలెను? నా మతమున ఇది పంచాంగము చూచుటవలె కొన్ని దినములను గుర్తించు పని. యంత్రము కొని, తెలుగు ఫాంట్లు, ప్రింటరు మొదలగునవి అమర్చుకొన్ననాడు ఒకమారు డిస్కంతయు తీయవలెను. విండోసు మార్చుటకు ముందు ఒకమారు తీయవలెను. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి సాధారణ మద్దతు ముగిసినది గనుక, క్రొత్త విండోసునకో లైనక్సునకో మారువారికి ఈ మాట మిక్కిలి అవసరము. మరమ్మతునకు ఇచ్చుటకు ముందు ఒకమారు, వార్షికపరీక్షల పని ఆరంభమునకు ముందు ఒకమారు తీయవలెను. ఈ పెద్ద నకళ్ళ నడుమ, ఆనాటి వ్రాతను ఆనాడే వేరొక చోటికి చేర్చుట నిత్యకృత్యము కావలెను; దానికి పెన్‌డ్రైవో, ఇంటర్నెట్టు భాండారమో చాలును. ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారములోనికి తెచ్చిన మూడు, రెండు, ఒకటి అను సూత్రము జ్ఞాపకముంచుకొన సులభము: ప్రతులు మూడు, సాధనములు రెండు రకములు, వానిలో ఒక ప్రతి ఇంటికి వెలుపల. ఈ ఏర్పాటంతయు ఉన్నవాడు దానిపైన సిస్టము భాగమునకు వేరుగ నకలు తీసికొనిన నేను మెచ్చుకొందును. అది మంచి ఉపాయము. ఏకైక ఆధారముగా మాత్రము పనికిరాదు.

నకలు తీయుట సగము పని. అది తిరిగి వచ్చునో లేదో చూచుట తక్కిన సగము. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను ప్రసిద్ధ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు సమాచారమునే చెరిపివేసెను. నకలు తీయుటకు వారికి ఐదు ఏర్పాట్లుండెను. అవసరము వచ్చినపుడు ఏదియు నమ్మదగినట్లు పనిచేయలేదు. మరియొక పనికై ఆరు గంటల ముందు తీసిన ప్రతి దైవికముగా దొరికినందున వారు గట్టెక్కిరి. ఆ ఆరు గంటల సమాచారము పోనేపోయినది. దాచకుండ ఆ సంస్థ దీనినంతటిని లోకమునకు వెల్లడించుట ప్రశంసనీయము. నిపుణులకే ఇట్లయినపుడు మనము మాత్రము నకలున్నదను తృప్తితో ఎట్లుండగలము? క్లోన్‌జిల్లా నకలు తీసిన పిమ్మట దానిని సరిచూచు సదుపాయ మిచ్చును. కొన్ని నిమిషములు ఎక్కువైనను ఆ పని చేయింపవలెను. డిస్కునకు బిట్‌లాకరు తాళమున్నవారు 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి భద్రపరచవలెను. అది లేనినాడు నకలు మనదైనను మనకే తెరచుకొనదు. ఏడాదికొకమారైనను నకలునుండి ఒక ఫైలును తీసి తెరచి చూచినగాని నమ్మకము చాలదు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఈ విషయమును ప్రత్యేకముగా విన్నవించుటకు కారణమున్నది. పెద్ద సంస్థలకు నిపుణులున్నారు, నిధులున్నవి. మన పల్లెలో దశాబ్దములుగా మాండలిక పదములను కూడబెట్టిన ఉపాధ్యాయునికి, ముసలివారి పాటలను రికార్డు చేసిన విద్యార్థినికి, ఊరి శాసనముల ఛాయాచిత్రములు తీసిన పరిశోధకునికి ఎవరున్నారు? వారి డిస్కులో నున్నది మరియెచ్చటను లేదు. ఆ పాట పాడిన అవ్వ మరల పాడుటకు ఉండకపోవచ్చును. విండోసు ప్రతి మాత్రము కోటానుకోట్ల యంత్రములలో నున్నది. దానికి నకలు లోకమంతయు మన కొరకు తీసిపెట్టినది. లోకము తీసిపెట్టినదానికే మరల నకలు తీసి, లోకములో నొకటే యున్నదానిని విడిచిపెట్టుట విపరీతము.

కంప్యూటరు విద్య నేర్పు తరగతిలో డిస్కు భాగములను బొమ్మ గీచి చూపుచున్నారు. పరీక్షలో ప్రశ్నయు అడుగుచున్నారు. దానితో పాటు ఒక పీరియడు నకలు తీయుటకును, మరియొక పీరియడు ఆ నకలునుండి ఫైలును తిరిగి రప్పించుటకును కేటాయించిన ఎంతయో మేలగును. పిల్లలు చేతితో చేసి నేర్చినది మరువరు. పాఠశాల సొమ్ముతో ఒక వెలుపలి డిస్కు కొని, పైన తేదీ వ్రాసి, ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుంచుట ఏ పాఠశాలకును శక్తికి మించిన పని కాదు. యంత్రము మన దగ్గర పనివాడు, పనివాడు మారవచ్చును. వానిచేత చేయించుకొన్న పని మనది. సేవ్‌డిస్కా, సేవ్‌పార్ట్సా యని ఈ సారి తెర అడిగినపుడు, పనివానిని గాక పనిని తలచుకొని మీట నొక్కుడు.